గుర్రాల కొట్టంలో చివరి గది

‘రాణివారి ఘోషా మందిరం’ అని ఇత్తడి పలక మీద చెక్కించారు. చాలదన్నట్టు దాని కింద రెండు నెమళ్ళు. అది చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ జనం ఫోటోలు దిగుతున్నారు కాబట్టి ఊరుకున్నాను గానీ, చేతిలో సుత్తి ఉంటే ఆ నెమళ్ళ సంగతి అక్కడే తేలిపోయేది.

తెలంగాణ వచ్చిన ఏడాది, ఎండలు ఇంకా తగ్గని రోజుల్లో, మా స్కూల్లో పనిచేసిన సైన్సు సారు కూతురి పెళ్ళికి వెళ్ళాను. హుజూర్‌నగర్ నుంచి నేరేడుచర్ల పోయే దారిలో కాస్త లోపలికి ఉన్న ఊరది. పేరు చెప్పను. చెబితే ఆ ఫంక్షన్ హాలుకు గిరాకీ పెంచినట్టవుతుంది. ఊరి దొరగడిలో వెనకవైపున్న గుర్రాల కొట్టాన్ని మిర్యాలగూడ ఆసామి ఒకాయన లీజుకు తీసుకొని పెళ్ళిళ్ళ హాలు చేశాడు. బగ్గీలు పెట్టిన చోట పెళ్ళి మండపం, గుర్రాలు కట్టిన చోట భోజనాల బల్లలు. ఆ కొట్టం చివర ఒక చిన్న గది ఉంది. పెళ్ళికూతురిని ముస్తాబు చేయడానికి దాన్ని ఇచ్చారు. ఆ గది తలుపు మీదే నేను చెప్పిన పలక.

హాలు మేనేజరు వచ్చినవాళ్ళకు వివరిస్తున్నాడు. “రాణిగారు పరాయి మొగోళ్ళ కంట పడకపోయేది. అందుకే ఈ గదికి కిటికీనే పెట్టలే. గంత ఘోషా అన్నట్టు.”

విన్నవాళ్ళంతా “అబ్బో” అన్నారు. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు. గుర్రాల కొట్టంలో రాణికి ఏం పని అని ఒక్కరికైనా అనుమానం రాలేదు.

ఆ గదిలో ఎవరుండేవారో నాకు తెలుసు. అక్కడ పుట్టిన మనిషే నాకు చెప్పింది. ఆ పెళ్ళికి ముందు ఏడాదే ఆమె పోయింది. ఊరంతా ఆమెను టీచరమ్మ అనేవారు, నేను అక్కా అనేదాన్ని. ఇక్కడా ఆ పిలుపే ఉంచుతాను.

నేను కోదాడ నుంచి ఆ ఊరి హైస్కూలుకు తెలుగు టీచరుగా వచ్చింది రెండు వేల మూడులో. మొదటి రోజు స్టాఫ్ రూంలో అందరూ నా పేరూ ఊరూ అడిగారు. సోషల్ చెప్పే అక్క మాత్రం, “ఓ కోదాడ పిల్లా, ఆ కిటికీ ముంగటికెల్లి జర జరుగు. గాలి నీ ఒక్కదానికేనా?” అంది. అదే మా పరిచయం. ఆ తర్వాత కూడా ఆమె నన్ను పేరుతో పిలిచిన గుర్తు లేదు.

పొడుగు మనిషి, సన్నగా ఉండేది. ఎండైనా చలైనా చేతిలో కర్రపిడి గొడుగు ఉండాల్సిందే. దాన్ని విప్పగా చూసినవాళ్ళు తక్కువ. దాంతో గోడకున్న మ్యాపులో దేశాలు చూపేది, కుక్కల్ని అదిలించేది, ఎక్కువగా మాత్రం మూసిన కిటికీ రెక్కల్ని నెట్టేది. బస్సెక్కితే ముందు కిటికీ అద్దం జరిపి, తర్వాతే కూర్చునేది. డిసెంబరు పొద్దున హుజూర్‌నగర్ బస్సులో ఆ అద్దం కోసం ఆమెతో తగువు పడని మనిషి లేడు.

“సలి పెడ్తుందమ్మా, జర ముయ్యి” అని వెనక సీటు పెద్దాయన అంటే, “సలికి సచ్చినోళ్ళను నేను సూడలే తాతా. ఊపిరాడక సచ్చినోళ్ళను సూసిన” అనేది. ఇక ఆయన తువ్వాలు నెత్తికి చుట్టుకోవాల్సిందే.

ఎవరింటికైనా వెళితే మంచినీళ్ళు తీసుకునే ముందు వంటింట్లోకి తొంగిచూసేది. కొత్తిల్లు కట్టుకునేవాళ్ళు ఆమె అటు రాకూడదని మొక్కుకునేవారు. మా ప్యూను ఇల్లు కడుతుంటే నేనూ ఆమె వెంట వెళ్ళాను. టీవీ పెట్టే ముందు గదికి పెద్ద పెద్ద కిటికీలు పెట్టించి, వంటింటికి అరచేయంత జాలీ బిళ్ళ పెట్టించాడతను. అక్క గొడుగు ఆ జాలీలో దూర్చి, “ఊపిరి టీవీకి ఆడాల్నా, నీ పెండ్లానికి ఆడాల్నా?” అని అడిగింది. అతని భార్య పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మర్నాడే మేస్త్రి ఆ గోడ పగలగొట్టాడు.

హుజూర్‌నగర్‌లో ఆమె ఇల్లు చూస్తే నవ్వొచ్చేది. ఎటు చూసినా కిటికీలే. కోతులు ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి కుక్కరు మూత పట్టుకొని పోయేవి. ఆమె భర్త నెమ్మదస్తుడు. ఒకసారి టీ ఇస్తూ, “ఇంట్ల గోడలు జర తక్కువైనయమ్మా. మా పెండ్లి ఫోటో తగిలియ్యనీకి జాగ లేదు” అన్నాడు. అక్క వినీ విననట్టు మూసుకున్న కిటికీ రెక్కను గొడుగుతో నెట్టింది.

ఈ కిటికీల పిచ్చి ఎక్కడిదో ఆ ఏడాదే తెలిసింది. ప్రతి సంవత్సరం ఎనిమిదో తరగతి పిల్లల్ని ఆమె దొరగడికి తీసుకెళ్ళేది. దొర మనవడు హైదరాబాదులో ఉండేవాడు. గడి ఖాళీగా ఉండేది, తాళాలు కావలివాడి దగ్గర ఉండేవి. నేనూ వెంట వెళ్ళాను. పిల్లలు పెద్ద బంగ్లావైపు పరిగెత్తబోతే గొడుగు అడ్డం పెట్టింది.

“బంగ్లా అందరు సూపిస్తరు. మీకు గుర్రాల కొట్టం నేను సూపిస్త. రాన్రి.”

ముందు బగ్గీలు నిలిపే ఇల్లు. కమాను ఎంత ఎత్తంటే, బగ్గీ మీద కూర్చున్న దొర తలపాగా తీయకుండా లోపలికి పోవచ్చు. దర్వాజా రెండు మొదళ్ళలో రెండు బోడిరాళ్ళు పాతి ఉన్నాయి. చక్రాల ఇరుసు వచ్చి గోడకు కొట్టుకోకుండా అడ్డుకునేది అవే. “గీ దర్వాజకు లేనిదేందో సెప్పున్రి” అని అడిగింది. తనే గొడుగుతో కింద చూపించింది. “గడప లేదు. ఊరంతట్ల గడప లేని దర్వాజ ఇదొక్కటే. చక్రం ఎగిరి దుంకదు గదా” అంది. ఆడపిల్లలు ఆశ్చర్యంగా కిందికి చూశారు. గడప లేకపోతే పసుపు దేనికి రాయాలి అని ఒకతె గుసగుసలాడింది.

దాన్నానుకొనే పొడవాటి కొట్టం. ఇటుకా డంగుసున్నం కట్టడం. ఒక్కో గుర్రానికి ఒక్కో అర. గుర్రం మెడ వంచే అవసరం లేకుండా ఛాతీ ఎత్తులో దాణా తొట్టి. కింద బండలు కంటికి తెలియనంత వాలుగా పరిచి ఉన్నాయి. ఆ వాలు చివర సన్నటి రాతికాలువ, అందులోంచి తడి అంతా బయటికి పోతుంది, గిట్టల కింద చుక్క నిలవదు. ఇక పైన, మనిషి చేతికి అందనంత ఎత్తులో, అటూ ఇటూ వరసగా చిన్న కమాను కిటికీలు. గాలి గుర్రం ఒంటికి సూటిగా తగలకుండా పైనుంచి దూరి, లోపలి వాసననూ ఉక్కనూ తోసుకొని అవతలి వైపు పోతుంది. మిట్ట మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంది.

“కట్టినోని చెయ్యి బంగారం. అబద్ధమెందుకు చెప్పాలె” అంది అక్క, గోడ నిమురుతూ. “అయితే ఆ చెయ్యికి కూలి ముట్టలే. వెట్టిల కట్టిచ్చిన్రు.”

తర్వాత కొట్టం చివరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక గది. బరువైన తలుపు, వట్టిగా నెడితే కదలదు. కొంచెం మీదికి లేపి, భుజంతో తోయాలి. పిల్లల్నీ నన్నూ లోపలికి పంపి, తనూ వచ్చి తలుపు మూసింది.

కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పిల్లలు మొదట కిసుక్కున నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది. నా వీపు మీద చెమట జారడం తెలుస్తోంది. చివరికి ఒక పిల్ల, “టీచర్, ఊపిరాడ్తలేదు” అంది. అప్పుడు తలుపు తీసింది.

“నేను గీడ్నే పుట్టిన. మా నాయిన గుర్రాలను సూసుకునే సైసు. మేమందరం గిండ్లనే ఉండేది, మా అమ్మ గిండ్లనే వండేది. సాలు. ఇగ బయటికి పోయి మీదికి సూడున్రి.”

అంతే చెప్పింది. పాఠం చెప్పలేదు, నీతి చెప్పలేదు. పిల్లలు కొట్టంలోకి వచ్చి, ఆబగా గాలి పీల్చుకుంటూ పైకి చూశారు. అక్క గొడుగు మీద ఆనుకొని వాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడింది. కాసేపటికి ఒకడు నెమ్మదిగా అడిగాడు. “టీచర్, గిన్ని కిటికీలు గుర్రాలకా?”

ఆమె సంచిలోంచి బెల్లపు పల్లిపట్టి తీసి వాడికొక్కడికే ఇచ్చింది. ఏటా అదే తంతు. ఆ ప్రశ్న అడిగినవాళ్ళకే పల్లిపట్టి. ఒక ఏడాది ఎవరూ అడగలేదు. పల్లిపట్టి సంచిలోనే తిరిగొచ్చింది, ఆ బ్యాచి మీద ఆమె కోపం వాళ్ళు బడి వదిలిపోయేదాకా తగ్గలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మిగతాది నాకు చెప్పింది. దొర గుర్రం ఒకటి దగ్గితే సూర్యాపేట నుంచి పశువుల డాక్టరును పిలిపించి, గాలి చాలడం లేదని ఇంకో రెండు కిటికీలు పెట్టించారట. పొయ్యి పొగకు వాళ్ళమ్మ దగ్గితే, గుర్రాలు బెదురుతున్నాయి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొమ్మన్నారట. అలా దగ్గి దగ్గే ఆమె పోయింది. అప్పటికి అక్క చిన్నపిల్ల.

“మీ నాన్నగారు ఏమీ అనలేదా అక్కా?” అన్నాను.

“మా నాయినకు కోపం రాలే. గుర్రాలు నోరులేని జీవాలు బిడ్డా అన్నడు. మా అమ్మకు నోరు ఉండెనా మరి?” అని గొడుగుతో రోడ్డు మీది రాయిని కొట్టింది. “దొర మీద నాకున్న కోపం పాతదైపోయింది. మా నాయిన మీద కోపం మాత్రం ఇప్పటికీ పోతలేదు.”

నాకూ కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఆ రాత్రి కోదాడలో మా ఇంటి వంటగది కిటికీ తెరిచి చూశాను. అది తెరుచుకుంటుందన్న సంగతి నాకు కొత్తగా తెలిసినట్టనిపించింది.

కొన్నేళ్ళ తర్వాత, ఆమె రిటైరవడానికి ముందు సంవత్సరం, టీచర్స్ డే నాడు ఒక ఘోరం జరిగింది. చేసినవాళ్ళు పగవాళ్ళు కాదు, ఆమె చేతిలో పల్లిపట్టి తిన్నవాళ్ళే. పెరిగి పెద్దవాళ్ళయి, ఒకడు మేస్త్రి పని చేస్తున్నాడు, ఇంకొకడు ఆటో నడుపుతున్నాడు. మిగతావాళ్ళనూ పోగుచేసి పూలదండతో వచ్చారు. టీచరమ్మకు ఒక బహుమానం ఉంది, గడి దాకా రావాలన్నారు. ఆమె మురిసిపోతూ బయల్దేరింది. ఏముందో చూద్దామని నేనూ నడిచాను.

కొట్టం చివరి గది దగ్గర ఆపారు. ఆమె అలవాటుగా తలుపు లేపి తోసింది, లోపలికి వెళ్ళి మూసింది. నేను కూడా ఆమె వెంట లోపలే ఉన్నాను. చీకటి రాలేదు. ఎదురుగోడకు కొత్త కిటికీ, నీలం రంగు వేసిన రెక్కలు, అందులోంచి మధ్యాహ్నపు ఎండ ఆమె చీర కుచ్చిళ్ళ మీద పడుతోంది.

బయట వాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు. తలుపు తెరిచినప్పుడు ఆమె ముఖం చూసి చప్పట్లు ఆగిపోయాయి.

“ఎవడ్రా నా చీకటి తీసింది?”

మేస్త్రి బిత్తరపోయాడు. “నేనే టీచర్. మీ అమ్మకు కిటికీ లేకుండె అన్నవ్ గదా. నీ కోసమే...”

“మా అమ్మ బతికున్నప్పుడు తియ్యాలె. ఇప్పుడు తీస్తే ఎవలికి లాభం? దొరకు లాభం. రేపు వచ్చినోడు సూసి, సైసు గదికి కూడ కిటికీ పెట్టిచ్చిండు, దొర మంచోడే అంటడు. ఆని పాపం నీ చేతులతోని కడుగుతున్నవ్ రా!”

గొడుగు నేలకేసి కొట్టింది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఆమె కరగలేదు. ఇటుకలు తెప్పించింది. ఆ పొద్దే కిటికీ పీకించి, కంతను పూడ్పించింది. కొత్త ఇటుకల మీద పాత రంగు వేస్తానంటే వద్దంది. “అతుకు కనపడనియ్యి” అంది. పూలదండ గుర్రాల తొట్టిలో అలాగే ఉండిపోయింది.

కిటికీ మూయించడానికి కొట్లాడిన మనిషిని ఊళ్ళో ఎవరైనా చూశారా? ఆమెకు మతి తప్పిందన్నారు. ఆ మేస్త్రి మాత్రం మళ్ళీ వచ్చాడు. ఇది సైసు కుటుంబం ఉన్న గది అని ఒక బోర్డు రాయించి పెడతానన్నాడు. మంచి మాట. నేను కూడా బతిమిలాడాను.

“బోర్డు ఉండాలక్కా. మీరు ఎప్పుడూ ఉంటారా చెప్పడానికి?”

“బోర్డు పెడితే బోర్డు సదువుకొని బయటినించే పోతరు. లోపలికి ఎవలు వస్తరు? ఏం అక్కర్లేదు. చీకటే చెప్తది.”

అక్క మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్క విషయంలోనే. పెళ్ళికి వెళ్ళిన రోజుకూ ఆ కోపం పోలేదు.

మిర్యాలగూడ ఆసామి లీజుకు తీసుకున్నప్పుడు, రిటైరైన అక్క గొడుగు పట్టుకొని అతని దగ్గరికి పోయింది. అతను కుర్చీ వేసి, టీ తెప్పించి, “అమ్మా, ఆ గదిని ఉన్నది ఉన్నట్టే ఉంచుత, ఒక్క ఇటుక కూడ ముట్ట” అని చేతులు జోడించాడు. ఆమె తృప్తిగా తిరిగొచ్చింది. తర్వాత జబ్బు పడింది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో ఏసీ గదిలో పెడితే, దాని కిటికీ తెరుచుకోదని తెలిసి గొడవ చేసి జనరల్ వార్డుకు మార్పించుకుంది. అక్కడే, కిటికీ పక్క మంచం మీద పోయింది.

ఆసామి మాట తప్పలేదు. అదే నా కడుపుమంట. ఒక్క ఇటుకను ముట్టలేదు. తలుపు మీద ఒక ఇత్తడి పలక కొట్టాడు, అంతే. లోపల అద్దాలు, ఏసీ. అతుకు ఇటుకలకు అడ్డంగా జరీ పరదా. బగ్గీల ఇంటికి గడప లేకపోతే పెళ్ళివాళ్ళు ఒప్పుకోవడం లేదని ఒక టేకుచెక్క తెచ్చి గడపలాగా బిగించి పసుపు పూశాడు. ఉండకూడని చోట ఉన్న ఆ గడపకు తట్టుకోకుండా ఒక్కరూ లోపలికి రావడం లేదు. నా కాలి బొటనవేలు కూడా చిట్లింది. వాలు నేల మీద చదునుగా టైల్సు పరిచారేమో, భోజనాల దగ్గర ఒలికిన నీళ్ళు ఎటూ పోక అక్కడే నిలిచాయి. అన్నిటినీ భరించవచ్చు. సైసు పెళ్ళాం దగ్గి దగ్గి చచ్చిన గదికి రాణిగారి పేరు పెట్టడాన్ని ఎలా భరించాలి? చీకటే చెప్తది అంది అక్క. ఏం చెప్పింది చీకటి? ఎవరి డబ్బుకు తగ్గట్టు వాళ్ళకు చెప్పింది. అలా అనుకుంటూ పెరుగన్నం కూడా ముట్టకుండా విస్తరి ముందు నుంచి లేచాను.

అప్పుడే కరెంటు పోయింది. కొట్టంలో ఎవరికీ తెలియను కూడా లేదు. పై కిటికీల్లోంచి వెలుతురూ గాలీ వస్తూనే ఉన్నాయి, వడ్డించేవాళ్ళు వడ్డిస్తూనే ఉన్నారు. చివరి గదిలోంచి మాత్రం ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. తలుపు మీద దబదబా బాదుతున్నారు. మేనేజరు బయట నుంచి నెడుతున్నాడు, అది రావడం లేదు.

“జనరేటర్ ఏస్తున్నరమ్మా, జర ఆగున్రి” అంటున్నాడు.

“ఊపిరాడ్తలేదు! తలుపు తియ్యిన్రి!”

ఆ మాట వినగానే మేనేజరును పక్కకు తోసి, తలుపును కొంచెం మీదికి లేపి, భుజంతో తోశాను. పెళ్ళికూతురు బయటపడింది. పూలజడ వదులైంది, నుదుటి బాసికం పక్కకు జారింది, ముఖమంతా చెమట. కొట్టం మధ్యలోకి వచ్చి నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకుంటూ, గాలి ఎటు నుంచి వస్తోందా అన్నట్టు తల ఎత్తింది.

నాకు చెప్పేయాలనిపించింది. నాలుక చివర దాకా వచ్చింది. ఎందుకో అక్కలాగా నోరు మూసుకొని ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను.

“గన్ని కిటికీలు ఎవలికి పెట్టిన్రు?” అని అడిగింది మేనేజరును.

“గుర్రాలకమ్మా. ఇది గుర్రాల కొట్టం గదా.”

ఆమె వెనక్కి తిరిగి ఆ చీకటి గది వంక చూసింది, తలుపు మీది పలక వంక చూసింది.

“గుర్రాలకు గన్ని పెట్టినోడు రాణికి ఒక్కటి పెట్టలేదా? ఎవల్ని ఉంచిన్రు గిండ్ల, నిజం చెప్పు.”

మేనేజరు జనరేటరు చూసొస్తానని జారుకున్నాడు. అప్పుడు చెప్పాను. సైసు సంగతి, అతని భార్య దగ్గు సంగతి, వాళ్ళ కూతురి సంగతి. ఈలోగా జనరేటరు మోగింది, గదిలో దీపాలు వెలిగాయి, లోపలికి రమ్మని ఆడపడుచులు పిలిచారు. పెళ్ళికూతురు కదల్లేదు. “నేను ఆ గదిల కూసోను. ఆ పలక తీపిచ్చినంకనే పీటల మీద కూసుంట” అంది వాళ్ళ నాన్నతో. పెళ్ళిరోజు పెళ్ళికూతురి మాటను కాదనేవాడెవడు? పలక దిగింది. రేపు ఇంకో లగ్గానికి మళ్ళీ ఎక్కుతుందని నాకు తెలుసు. అయినా మరలు ఊడుతున్న చప్పుడు చెవులకు హాయిగా ఉంది.

అక్క రిటైరయ్యాకే మా బడికి వచ్చిన సారు కూతురు, మిర్యాలగూడలో పుట్టి పెరిగిన పిల్ల ఆమె. మా బళ్ళో చదవలేదు. అక్క ముఖం ఎన్నడూ చూడలేదు, గొడుగు చప్పుడు వినలేదు. గుర్రాల అరలో కుర్చీ వేయించుకొని, పై గాలికి చెమట ఆరబెట్టుకుంటూ జడ సరిచేయించుకుంటోంది. నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి పల్లిపట్టి కోసం వెతుకుతోంది.